గురువును వెదకిన శిష్యుడు: జిగోరో కానో

బలవంతుడు బలహీనుని బాధించుట లోకంలో నూతనమైన విషయం కాదు. ఈ అన్యాయాన్ని అరికట్టుటకు చట్టం కలదు, రక్షకభట వ్యవస్థ కలదు, ఊరి పెద్దలు కలరు. అయినను ఆపద వచ్చిన క్షణానికి, సహాయం వచ్చి చేరిన క్షణానికి నడుమ కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో మనిషికి తన శరీరం, తన మనోనిబ్బరం, తాను ముందుగా అభ్యసించిన విద్య, ఈ మూడే దిక్కు. అందువలననే అనేక దేశాలలో ఆత్మరక్షణ విద్యకు గౌరవస్థానం లభించింది. మన ప్రాంతంలో కర్రసాము, కుస్తీ, సాముగరిడీలు తరతరాలుగా వర్ధిల్లినవి. హైదరాబాదు పాతబస్తీలోను, మరి అనేక పట్టణాలలోను తాలీంఖానాలు తమ ఉస్తాదుల పేర్లతో ప్రసిద్ధి పొందినవి.

అయితే ఈ విద్యను నేర్వదలచిన విద్యార్థికి మొదట ఎదురయ్యే చిక్కు ఒకటి కలదు. ఎవరి వద్ద నేర్వవలె? ఏ గ్రంథాన్ని నమ్మవలె? తెరమీద కథానాయకుడు పదిమందిని ఒంటిచేత్తో పడగొట్టుట చూచి అదియే విద్య అని భ్రమించువారు కలరు. కొద్ది దినాలలోనే ఎవరినైనను అజేయునిగా తీర్చిదిద్దగలమని గోడలమీద ప్రకటించువారును కలరు. సత్యమైన విద్య ఏది, ఆడంబరం ఏది అని తేల్చుకొనుట అనుభవం లేని యువకునికి సులభం కాదు. ఈ చిక్కును తన బాల్యంలోనే ఎదుర్కొని, యౌవనమంతా దానిని విప్పుటలో గడిపి, తాను కనుగొన్నదానిని లోకానికంతకు పంచిపెట్టిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ వ్యాసంలో సంగ్రహంగా వివరించదలచినాము. ఆయనయే జపాను దేశీయుడు జిగోరో కానో. జూడో విద్యకు స్థాపకునిగా ఆయనను చాలామంది ఎరుగుదురు. గురువు కొరకు వీధివీధి తిరిగిన శిష్యునిగా ఆయనను ఎరిగినవారు తక్కువ.

బాల్యం, అవమానం

కానో 1860వ సంవత్సరంలో, నేటి కోబే నగరంలో భాగమైన మికాగే అనే సముద్రతీర గ్రామంలో జన్మించినాడు. ఆ కుటుంబం బియ్యపు మద్యం తయారుచేయు వర్తకుల కుటుంబం. తండ్రి మాత్రం ఆ వ్యాపారంలో ఉండక, ప్రభుత్వపు నౌకా రవాణా వ్యవహారాలలో పనిచేసినాడు. కుమారునికి మంచి చదువు చెప్పించవలెనని ఆయన దృఢసంకల్పం. కానోకు పదేళ్ళ ప్రాయం రాకమునుపో, వచ్చిన తరుణంలోనో తల్లి మరణించింది. తండ్రి పిల్లవానిని టోక్యోకు తీసికొనిపోయి, అక్కడ చైనా సాహిత్యము, ఆంగ్లము నేర్పించినాడు.

కానో చదువులో ముందుండెడివాడు. దేహబలంలో మాత్రం అందరికంటె వెనుక. యౌవనంలో సైతం ఆయన ఎత్తు ఐదడుగుల రెండు అంగుళాలు, బరువు నలభై కిలోలకు కొంచెం ఎక్కువ అని జీవితచరిత్రకారులు వ్రాసినారు. వసతిగృహంలో ఉండి చదువుకొను కాలంలో బలిష్ఠులైన తోటి విద్యార్థులు ఆయనను పీడించినారు, కొట్టినారు, తమ పనులు చేయించుకొన్నారు. చదువులో ప్రథముడైనవాడు వసతిగృహపు చీకటి మూలలో తలవంచుకొని నిలువవలసి వచ్చుట ఎంతటి దుఃఖమో అట్టి స్థితిని అనుభవించినవారికే తెలియును. ఈ దుఃఖం ఏ దేశానికో, ఏ కాలానికో పరిమితమైనది కాదు. నేటి కళాశాలలలోను, వసతిగృహాలలోను అట్టి పిల్లలు కలరు.

చిన్నవాడు పెద్దవానిని పడగొట్టగల విద్య ఒకటి కలదని, దాని పేరు జుజుత్సు అని కానో వినియున్నాడు. జు అనగా మృదుత్వం, లొంగుబాటు. జుత్సు అనగా కళ. ఎదుటివాని బలానికి ఎదురొడ్డక, ఆ బలాన్నే దారి మళ్ళించి వానిని పడగొట్టుట దాని సారాంశం. ఈ మాట విన్ననాటినుండి ఆ విద్యను ఎట్లైనను నేర్వవలెనని బాలుని హృదయంలో కోరిక నాటుకొన్నది.

మూసిన తలుపులు

కోరిక కలిగినంత మాత్రాన గురువు లభించునా? కానో ఇంటికి వచ్చిపోవువారిలో పూర్వం షోగున్ కొలువులో ఉన్న ఒక పెద్దమనిషి జుజుత్సు నేర్చినవాడు. కానో ఆయనను ప్రార్థించినాడు. ఆయన నేర్పలేదు. తండ్రిగారి తోటబంగళాను చూచుకొను కాపలాదారు ఆ విద్య ఎరిగినవాడని తెలిసి వానిని అర్థించినాడు. వాడును ఒప్పుకొనలేదు. మరియొక పరిచితుని అడిగినాడు. అక్కడను నిరాశయే మిగిలింది. కన్నతండ్రి కూడ ఈ కోరికను మెచ్చుకొనలేదు. కాలం మారినది, ఇట్టి పాత విద్యలతో ఇక ప్రయోజనం లేదు అన్నది తండ్రి అభిప్రాయం.

తండ్రి మాటలో కొంత సత్యం లేకపోలేదు. 1868లో జపానులో షోగున్ల పాలన అంతరించి చక్రవర్తి పాలన పునఃస్థాపితమైనది. పాశ్చాత్య విద్యలు, వేషభాషలు వెల్లువవలె వచ్చినవి. 1876లో సమురాయ్ వీరులు ఖడ్గం ధరించుటనే ప్రభుత్వం నిషేధించినది. యుద్ధవిద్యా గురువులకు జీవనాధారం పోయినది. శిష్యులు లేరు, గౌరవం లేదు. తరతరాలుగా రహస్యంగా కాపాడుకొన్న తాళపత్రప్రాయమైన వ్రాతచుట్టలు పాతపుస్తకాల అంగళ్ళలో కారుచౌకగా అమ్ముడుపోయినవి. ఇట్టి కాలంలో, అందరు పారవేయుచున్న విద్యను ఒక బక్కపలుచని బాలుడు వెదకుచు బయలుదేరినాడు.

ఎముకల వైద్యుల ఇండ్ల వెంట

1877లో కానో టోక్యో విశ్వవిద్యాలయంలో ప్రవేశించినాడు. ఇప్పుడు కొంత స్వేచ్ఛ లభించింది. గురువును వెదకుటకు ఆయన అనుసరించిన ఉపాయం మిక్కిలి గమనింపదగినది. జుజుత్సు గురువులలో పలువురు బ్రతుకుతెరువు కొరకు విరిగిన ఎముకలకు కట్లు కట్టు వృత్తిని చేపట్టియున్నారని ఆయన వినినాడు. కీళ్ళను మెలిపెట్టుట ఎరిగినవానికి వానిని సరిదిద్దుటయు తెలిసియుండును కదా! మన దేశంలో పుత్తూరు కట్టు ఎంత ప్రసిద్ధమో మనకు తెలియును. అట్టి కట్టు వైద్యుల పేరుపలకలు కనిపించిన చోటనెల్ల కానో ఆగి, లోనికి పోయి, మీరు జుజుత్సు ఎరుగుదురా అని అడిగినాడు. పలువురు లేదన్నారు. చివరకు యాగి తెయినోసుకే అనే వృద్ధవైద్యుడు ఈ యువకుని పట్టుదలను గమనించి, తన వద్ద తగిన స్థలం లేదని, ఫుకుదా హచినోసుకే అనే గురువు వద్దకు పొమ్మని దారి చూపినాడు.

ఫుకుదా తెంజిన్ షిన్యో సంప్రదాయానికి చెందిన గురువు. ఆయనయు ఎముకల వైద్యుడే. ఆయన అభ్యాసశాల పది చాపలు పట్టునంతటి గది. శిష్యులు కొద్దిమందియే. బాహ్యాడంబరం ఏమాత్రం లేదు. అయితే ఆయన బోధనలో ఒక విశేషం కలదు. ముందుగా నిర్ణయించిన వరుసలను వల్లెవేయించుటకంటె, ఇద్దరు శిష్యులు స్వేచ్ఛగా పెనుగులాడి నేర్చుకొనుటకు ఆయన ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చినాడు. ఒకనాడు కానో ఒక పట్టు విషయమై, చేయి ఎట్లు పెట్టవలె, కాలు ఎట్లు వేయవలె అని ప్రశ్నలపై ప్రశ్నలు వేయగా, గురువు సమాధానం చెప్పుటకు మారుగా ఆయనను మరల మరల నేలమీద పడవేసినాడట. పడగా పడగా శరీరమే ఆ పట్టును గ్రహించినది. ఒంటినిండ గాయాలతో, మందుపట్టీల వాసనతో కానో ప్రతిదినం విశ్వవిద్యాలయానికి పోయెడివాడు. తోటివారు నవ్వినను అభ్యాసం మానలేదు.

గ్రంథాలయంలో దొరికిన పట్టు

ఆ అభ్యాసశాలలో ఫుకుషిమా కనెకిచి అనే భారీకాయుడు ఒకడుండెను. కానో ఎంత ప్రయత్నించినను వానిని కదల్చలేకపోయినాడు. అప్పుడాయన నిరుత్సాహపడి కూర్చుండలేదు. తన సంప్రదాయంలో లేని ఉపాయం మరియొక చోట ఉండవచ్చునని తలచినాడు. మొదట జపాను దేశపు మల్లయుద్ధమైన సుమో పట్లను పరిశీలించినాడు. అవి ఫలించలేదు. పిదప గ్రంథాలయానికి పోయి పాశ్చాత్య దేశాల కుస్తీని గూర్చిన పుస్తకాలు తిరగవేసినాడు. అందులో ఎదుటివాని క్రిందికి దూరి భుజాలమీదికి ఎత్తి పడవేయు పట్టు ఒకటి కనిపించింది. దానిని వెంటనే ఫుకుషిమాపై ప్రయోగింపలేదు. మిత్రులతో అనేక పర్యాయాలు సాధన చేసి, తనకు అనువుగా మార్చుకొని, ఆ తరువాతనే ఆ భారీకాయుని ఎత్తి పడవేసినాడు. ఆ పట్టే నేటికిని జూడోలో కతాగురుమా, అనగా భుజచక్రం, అను పేరుతో నేర్పబడుచున్నది.

ఈ చిన్న సంఘటనలో ఒక గొప్ప విద్యాసూత్రం ఇమిడియున్నది. పుస్తకం చదివి తృప్తిపడినవానికి విద్య రాలేదు. పుస్తకాన్ని నిరసించినవానికిని రాలేదు. పుస్తకంలోని విషయాన్ని తీసికొనిపోయి, ఎదురు తిరుగు మనిషిపై పరీక్షించి, నిలిచినదానిని స్వీకరించినవానికి వచ్చినది. కానో జీవితమంతా ఈ పరీక్షయే కొనసాగినది.

మువ్వురు గురువులు

1879 ఆగష్టులో అమెరికా మాజీ అధ్యక్షుడు యులిసిస్ గ్రాంటు జపానుకు అతిథిగా వచ్చినప్పుడు, ఆయన ఎదుట జుజుత్సు ప్రదర్శన జరిగింది. ఫుకుదాతోపాటు యువకుడైన కానో కూడ అందులో పాల్గొన్నాడు. దురదృష్టవశాత్తు ఆ ప్రదర్శన జరిగిన కొద్ది దినాలకే ఫుకుదా మరణించినాడు. గురువు చేతివ్రాత గ్రంథాలు కానోకు సంక్రమించినవి. పందొమ్మిదేళ్ళైనను నిండని శిష్యుడు, తన విద్య ఇంకను అసంపూర్ణమేనని గుర్తించినాడు. అదే సంప్రదాయంలో ఇసో మసాతోమో అనే మరియొక గురువును ఆశ్రయించినాడు. ఇసో ఆరుపదుల వయస్సు గడచినవాడు, పొట్టివాడు. నియమబద్ధమైన వరుసలను ప్రదర్శించుటలో ఆయన దిట్ట. ఫుకుదా వద్ద స్వేచ్ఛా సాధన నేర్చిన కానో, ఇసో వద్ద శాస్త్రీయమైన క్రమాన్ని నేర్చినాడు. 1881లో ఇసో కూడ మరణించినాడు.

మూడవ గురువు ఈకుబో త్సునెతోషి. ఈయన కితో అను వేరొక సంప్రదాయానికి చెందినవాడు. తెంజిన్ షిన్యో వారు గొంతు బిగించుట, అదిమిపట్టుట యందు నేర్పరులు. కితో వారు నిలుచుండి ఎత్తి పడవేయుటయందు ప్రసిద్ధులు. ఏబదియేండ్లు దాటిన ఈకుబో ముందు ఇరువదియేండ్ల కానో నిలువలేకపోయినాడు. ఎందుకట్లు జరుగుచున్నదని కానో దీర్ఘంగా యోచించినాడు. మనిషిని ఎత్తుటకు ముందు వాని నిలుకడను చెదరగొట్టవలెనని, నిలుకడ తప్పిన మనిషి ఎంత బరువువాడైనను తేలిక యగునని ఆయనకు స్ఫురించినది. వాడు నెట్టిన లాగవలె, లాగిన నెట్టవలె. ఈ సూత్రాన్ని అభ్యసించి ఒకనాడు గురువుతో తలపడగా, ఆ దినం గురువు కానోను పడవేయలేకపోయినాడు, కానోయే గురువును పలుమార్లు పడవేసినాడు. శిష్యుడు కారణం వివరింపగా గురువు సంతోషించి, ఇక తాను నేర్పవలసినది లేదని అంగీకరించి, తన సంప్రదాయపు గ్రంథాలను సైతం అప్పగించినాడు. గెలిచిన శిష్యునికంటె, ఓటమిని ఆనందంతో స్వీకరించిన ఆ గురువు ఔన్నత్యమే మాకు గొప్పదిగా తోచుచున్నది.

దేవాలయంలో పన్నెండు చాపలు

1881లో కానో విశ్వవిద్యాలయ పట్టం పొందినాడు. రాజనీతి, అర్థశాస్త్రాలు ఆయన పఠనవిషయాలు. మరుసటి సంవత్సరం గకుషుయిన్ అనే ప్రసిద్ధ విద్యాలయంలో అధ్యాపకుడైనాడు. అదే 1882వ సంవత్సరం మే నెలలో టోక్యోలోని ఎయిషోజీ అను బౌద్ధాలయంలో చిన్న గదిని తీసికొని తన సొంత అభ్యాసశాలను ప్రారంభించినాడు. దానికి కొడోకాన్ అని పేరు పెట్టినాడు. మార్గాన్ని అధ్యయనం చేయు మందిరమని దాని అర్థం. పన్నెండు చాపల గది. మొదటి సంవత్సరం చేరినవారు తొమ్మండుగురు. స్థాపకుని వయస్సు ఇరువదిరెండేళ్ళు కూడ నిండలేదు. శిష్యులు పడుచు లేచుచుండగా ఆలయపు నేలపలకలు విరుగుటయు, పూజారి ఫిర్యాదు చేయుటయు, కానో శిష్యునితో కలసి దీపం పట్టుకొని నేలక్రింద దూరి పలకలను బాగుచేయుటయు ఆనాటి కథలుగా నేటికిని చెప్పుకొందురు. ఈకుబో సైతం కొంతకాలం అక్కడికి వచ్చి బోధించినాడు.

కానో తన విద్యకు జుజుత్సు అను పాత పేరును వదలి జూడో అని పేరు పెట్టినాడు. దో అనగా మార్గం. పేరు మార్పుతోపాటు బోధనలో కూడ పెక్కు మార్పులు తెచ్చినాడు. వాటిలో మొదటిది పడుటను నేర్పుట. క్రొత్త శిష్యుడు ఎదుటివానిని పడవేయుట నేర్చుటకు ముందు, తాను దెబ్బ తగులకుండ పడుట నేర్వవలె. పూర్వపు అభ్యాసశాలలలో క్రొత్తవారు గాయపడి విద్యను మానుకొనుట సాధారణం. రెండవది, ప్రమాదకరమైన దెబ్బలను, కీళ్ళు విరుచు పట్లను స్వేచ్ఛా సాధననుండి తొలగించి, వానిని నియమబద్ధమైన వరుసలలో మాత్రమే భద్రపరచుట. ఇందువలన శిష్యులు ప్రతిదినం పూర్తి బలంతో పెనుగులాడగలిగినారు. ప్రాణాంతకమైన పట్టును పదేళ్ళకొకసారి గాలిలో చూపువానికంటె, సాధారణమైన పట్టును నిత్యం ఎదురు తిరుగు మనిషిపై సాధించినవానికే ఆపదలో అది అక్కరకు వచ్చునన్నది ఇందలి రహస్యం.

ఈ నమ్మకానికి పరీక్ష త్వరలోనే వచ్చినది. 1880ల మధ్యభాగంలో టోక్యో రక్షకభట శాఖ ఆధ్వర్యంలో పాత సంప్రదాయాల వారికిని కొడోకాన్ వారికిని పోటీలు జరిగినవి. యోధులుగా పేరుగాంచిన పాత సంప్రదాయాల వారిపై కొడోకాన్ యువకులు అధికసంఖ్యలో విజయాలు సాధించినారు. నాటినుండి కానో పద్ధతికి గౌరవం పెరిగింది.

బోధనకు ఆయన నాలుగు అంగాలను ఏర్పరచినాడు. స్వేచ్ఛా సాధన, నియమబద్ధమైన వరుసలు, ఉపన్యాసం, ప్రశ్నోత్తరాలు. చాపపై మాటలాడక చెమటోడ్చుట ఎంత అవసరమో, చాప దిగి కారణమేమని గురువును ప్రశ్నించుటయు అంతే అవసరమని ఆయన భావించినాడు. నాడు తన ప్రశ్నలకు గురువు మాటలలో సమాధానం చెప్పని అనుభవం ఆయనకు కలదు కదా! రహస్యంగా దాచబడిన విద్యను తరగతి గదిలోని పాఠంవలె వివరించుట ఆయన చేసిన గొప్ప మేలు. శిష్యుల ప్రగతిని సూచించుటకు శ్రేణులను నిర్ణయించి, 1883లో తొలి ఇద్దరు శిష్యులకు ప్రథమ శ్రేణి ప్రసాదించినాడు.

విద్యావేత్త, సత్యాన్వేషకుడు

ఆత్మరక్షణ విద్యలను గూర్చి అద్భుత కథలు అన్ని చోట్ల ప్రచారంలో ఉండును. జపానులో కూడ జుజుత్సు చైనానుండి ఒక పండితుడు తెచ్చినదని, ఇంకను ఇట్టివే మరికొన్ని గాథలు కలవు. కానో 1888లో లిండ్సే అను ఆంగ్లేయ మతాచార్యునితో కలసి ఆసియాటిక్ సొసైటీ ఆఫ్ జపాన్ కొరకు ఆంగ్లంలో ఒక వ్యాసం సిద్ధపరచినాడు. అందులో పాత వ్రాతలను ఒకదానితో ఒకటి పోల్చి, పొసగని గాథలను త్రోసిపుచ్చి, ఈ విద్య ప్రధానంగా జపాను గడ్డపైననే పెరిగినదని నిరూపింప ప్రయత్నించినాడు. తన సొంత విద్యను గూర్చిన గొప్పలను సైతం పరిశీలింపక అంగీకరింపని ఈ గుణం పండితునికి భూషణం.

1889లో విద్యావేత్తల సభలో జూడో యొక్క విద్యాప్రయోజనాన్ని గూర్చి ఉపన్యసించుచు, శరీరవ్యాయామం, పోటీ, శీలనిర్మాణం అను మూడు లక్ష్యాలను ఆయన వివరించినాడు. అదే సంవత్సరం యూరపు ఖండంలోని విద్యాలయాలను పరిశీలించుటకు బయలుదేరి 1891లో తిరిగి వచ్చినాడు. ఆ తిరుగు ప్రయాణంలో ఓడపై రష్యా దేశపు బలిష్ఠుడైన ఒక అధికారి ఆయన చిన్న ఆకారాన్ని చూచి తలపడగా, కానో వానిని ఎత్తి పడవేసి, తల నేలకు తగులకుండ తన చేతితో పట్టుకొన్నాడని చెప్పుదురు. చూచినవారు ఆయన నేర్పుకంటె ఆ చేయిని ఎక్కువ మెచ్చుకొన్నారట. ఎదుటివాని బలాన్ని అణచుట, వాని ప్రాణాన్ని కాపాడుట, ఈ రెండును ఒకే విద్యలో భాగాలని దీనివలన తెలియుచున్నది.

1891లో కుమమోతో నగరంలోని ఉన్నత పాఠశాలకు అధిపతియైనాడు. ఆ కాలంలో అక్కడ ఆంగ్లం బోధించిన ప్రసిద్ధ రచయిత లాఫ్కాడియో హెర్న్ ఈ విద్యను చూచి ముగ్ధుడై, పిదప 1895లో వెలువడిన తన గ్రంథంలో దానిని గూర్చి ఒక వ్యాసం వ్రాసి పాశ్చాత్యులకు పరిచయం చేసినాడు. 1893లో కానో టోక్యోలోని ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయానికి అధిపతియై, నడుమ కొద్ది విరామాలతో 1920 వరకు ఆ పదవిని నిర్వహించినాడు. చైనానుండి వచ్చిన విద్యార్థుల కొరకు కోబున్ అను విద్యాలయాన్ని నడిపినాడు. ఆధునిక చైనా సాహిత్యంలో అగ్రగణ్యుడైన లూషున్ 1902లో అక్కడ చేరి చదివినవాడే. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో ఆసియా ఖండంనుండి మొట్టమొదటి సభ్యునిగా కానో ఎన్నికైనాడు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలకు జపాను జట్టును నడిపించినాడు.

ఇంతటి కీర్తి లభించిన పిదప సైతం ఆయన విద్యార్థిగానే మిగిలినాడు. 1922లో ఒకినావా ద్వీపంనుండి వచ్చిన ఫునకోషి గిచిన్‌ను కొడోకాన్‌కు ఆహ్వానించి, ఆయన చేత కరాటే విద్యను ప్రదర్శింపజేసినాడు. 1928లో ప్రాచీన యుద్ధవిద్యల పరిశోధనకు ఒక సంఘాన్ని ఏర్పరచి, కత్తి, కర్ర విద్యలలోని వృద్ధ గురువులను పిలిపించి తన శిష్యులకు నేర్పించినాడు. 1930లో ఉయెషిబా అను గురువు విద్యను స్వయంగా చూచి మెచ్చుకొని, తన శిష్యులను ఆయన వద్దకు పంపినాడు. ఆ విద్యయే తరువాత ఐకిడోగా ప్రసిద్ధి గాంచినది. డెబ్బదియేండ్ల వయస్సులో, దేశంలోకెల్ల పేరుపొందిన గురువు, తన శిష్యుని మరియొకరి వద్దకు పోయి నేర్చుకొమ్మని పంపుట సామాన్య విషయమా?

స్త్రీలకు తెరచిన తలుపు

బాల్యంలో తనకు మూసిన తలుపును కానో మరువలేదు. బలహీనులకే ఈ విద్య ఎక్కువ అవసరమని ఆయనకు స్వానుభవం. 1893 ప్రాంతంలోనే ఒక స్త్రీకి ఆయన జూడో నేర్పినాడు. ఆనాటి సమాజంలో ఇది సాహసమే. 1926లో కొడోకాన్‌లో స్త్రీల శాఖ లాంఛనంగా ప్రారంభమైనది. 1935లో ఆ శాఖలో ఫుకుదా కేయికో అను యువతి చేరినది. ఈమె ఎవరో కాదు, కానోకు మొదట జుజుత్సు నేర్పిన ఫుకుదా హచినోసుకే మనుమరాలే. తన గురువు ఋణాన్ని తీర్చుకొనుటకై కానోయే ఆమెను ఆహ్వానించినాడు. ఐదడుగుల ఎత్తైనను లేని ఆమె అమెరికాలో స్థిరపడి దశాబ్దాలపాటు ఈ విద్యను బోధించి, 2011లో అమెరికా జూడో సంస్థ నుండి పదవ శ్రేణి గౌరవాన్ని పొంది, 2013లో తొంభైతొమ్మిదేళ్ళ వయస్సులో మరణించినది. తాత పది చాపల గదిలో నాటిన విత్తనం మనుమరాలి జీవితంలో వటవృక్షమైనది.

ఈ విద్య మన దేశానికి వచ్చిన చరిత్ర కూడ స్మరింపదగినది. విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు 1905లోనే సానో జిన్నోసుకే అను జపాను గురువును శాంతినికేతనానికి రప్పించినాడు. మరల 1929లో తకగాకి షింజో అను కొడోకాన్ శిక్షితుడు వచ్చి అక్కడ బోధించినాడు. బాలురతోపాటు బాలికలు కూడ చాపమీద దిగి నేర్చుకొన్నారు. కవిత్వం, సంగీతం బోధించు ఆశ్రమంలో ఆత్మరక్షణ విద్యకు స్థానం కల్పించిన ఠాగూరు దూరదృష్టి అభినందనీయం.

కానో తన తుదిదినాలలో 1940 ఒలింపిక్ క్రీడలను టోక్యోకు తెచ్చుటకు శ్రమించినాడు. 1938లో కైరో నగరంలో జరిగిన ఒలింపిక్ సంఘ సమావేశానికి హాజరై తిరిగివచ్చుచు, మే 4వ తేదీన హికావా మారు అను ఓడపై న్యుమోనియాతో కన్నుమూసినాడు. అప్పుడాయన వయస్సు డెబ్బదియేడు. యుద్ధమేఘాలు క్రమ్ముకొని ఆ క్రీడలు జరుగలేదు. కాని 1964లో టోక్యోలోనే ఒలింపిక్స్ జరిగి, అందులో జూడోకు తొలిసారి స్థానం లభించినది. 1992లో స్త్రీల జూడోకు కూడ పతకాలు ఏర్పడినవి. కొడోకాన్ వారు 1956లో, ఆధునిక కాలపు ఆపదలను దృష్టిలో పెట్టుకొని, ఒట్టిచేతులతోను, కత్తి, కర్ర, తుపాకి వంటి ఆయుధాలతోను జరుగు దాడులను ఎదుర్కొనుటకు ఇరువదియొక్క పట్లతో ఆత్మరక్షణ వరుస నొకదానిని రూపొందించినారు. స్థాపకుడు మరణించినను అన్వేషణ ఆగలేదు.

మనకు గల పాఠం

ఈ మహనీయుని జీవితంనుండి విద్యార్థులు గ్రహింపదగినవి కొన్ని కలవు. మంచి గురువు పెద్ద పేరుపలక వెనుకనే ఉండునని లేదు. ఇరుకు సందులో, పది చాపల గదిలో ఉండవచ్చును. గురువును పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. ఆయన శిష్యులు ఎదురు తిరుగు మనిషితో నిత్యం సాధన చేయుచున్నారా? క్రొత్తవారు గాయపడకుండ ఆయన శ్రద్ధ వహించుచున్నాడా? ప్రశ్న అడిగిన శిష్యుని ఆదరించుచున్నాడా? ఈ మూడింటికి అవునను సమాధానం లభించినచో అక్కడ చేరవచ్చును. కొద్ది దినాలలో అంతయు నేర్పెదనను వానిని దూరముంచుటే మేలు. గ్రంథాలను చదువవలె. కాని చదివినదానిని తోటివారితో జాగ్రత్తగా సాధించి చూడనిదే నమ్మరాదు. ఒక గురువు వద్ద ఒక గుణం, మరియొకరి వద్ద మరియొక గుణం ఉండును. ఒకరిని గౌరవించుటకు మరియొకరిని నిందింపనక్కరలేదు. అన్నింటికంటె ముఖ్యమైనది, విద్య వచ్చిన పిదప జగడానికి పోకుండుట. పడిపోవువాని తలక్రింద చేయి పెట్టగలిగిననాడే ఆ విద్య పండినట్లు.

కళాశాల పాలకవర్గంవారికి కూడ సవినయంగా ఒక మాట విన్నవించుకొందుము. కానో ప్రారంభించినది పన్నెండు చాపలతోను, తొమ్మండుగురు శిష్యులతోను. 1930ల నాటికి కొడోకాన్ అభ్యాసశాల ఐదువందల చాపలకు మించి విస్తరించినది. మన కళాశాలలో సాయంకాలం ఖాళీగా ఉండు గది ఒకటి లేకపోదు. అందులో కొన్ని పరుపులు పరచి, యోగ్యుడైన శిక్షకుని, బాలికల కొరకు యోగ్యురాలైన శిక్షకురాలిని నియమించినచో, ఏ మూలనో తలవంచుకొని నిలుచున్న విద్యార్థికి, సాయంకాలం ఒంటరిగా ఇంటికి పోవుటకు జంకు విద్యార్థినికి అది ఎంతటి ధైర్యమగునో ఊహింపవచ్చును. నేర్వగోరి తలుపు తట్టిన బాలుని ముగ్గురు పెద్దలు త్రిప్పిపంపినారు. నాలుగవవాడు తన వద్ద స్థలం లేకున్నను దారి చూపినాడు. చరిత్రలో ఆ నాలుగవవాని పేరు నిలిచినది. మన విద్యాలయం కూడ ఆ నాలుగవవాని వలె దారి చూపు విద్యాలయం కావలెనని ఆకాంక్షించుచున్నాము.